తీరని లోటు ముట్టినట్టు రసీదు

లోటు అనేది దేశానికి పట్టిన చెద అని ప్రభుత్వం ఒక సోమవారం ఉదయం పదకొండు గంటలకు అధికారికంగా కనిపెట్టింది. అంతకు ముందున్న ప్రభుత్వాలకు ఈ సంగతి తెలియదని కాదు. వాళ్ళు లోటును తగ్గించాలని మాత్రమే అనుకున్నారు. తగ్గించడానికి కమిటీలు వేశారు. కమిటీల ఖర్చుతో లోటు పెరిగింది. ఈ ప్రభుత్వం అలాంటి అరకొర పనులు చెయ్యదలచుకోలేదు. లోటు ఉండకూడదు, అంతే.

మధ్యాహ్నం భోజనాల వేళకల్లా లోటు నిర్మూలన శాఖ పుట్టింది. దానికి తొమ్మిది గదులు, ఒక లిఫ్టు కేటాయించారు. (లిఫ్టు పైకి మాత్రమే తీసుకెళ్తుంది. దిగేవాళ్ళు మెట్ల మీద దిగాలి. ఖాళీ లిఫ్టును కిందికి ఎవరు దించాలన్నది ఇంకా తేలలేదు కాబట్టి అది మొదటి రోజు నుంచీ ఐదో అంతస్తులోనే ఉంది.)

శాఖ మొదటి ఉత్తర్వులో నాలుగే వాక్యాలు. ఏ కార్యాలయంలోనైనా, ఏ కాగితం మీదనైనా 'లోటు' అనే మాట కనిపిస్తే దాన్ని ఇరవై నాలుగు గంటల్లోగా శాఖకు పంపాలి. ఆ లోటు ఎంతో, ఎప్పటికి తీరుతుందో పక్కన రాయాలి. అది తీరేదాకా ఆ కాగితానికి సంబంధించిన ఏ పనీ కదలకూడదు. ఈ ఉత్తర్వులో ఎలాంటి లోటూ లేదు. అందులోనూ ఆ మాట ఉంది కాబట్టి శాఖ ఈ ఉత్తర్వును తనకు తానే పంపుకుని, ముట్టినట్టు ముద్ర వేసుకుంది.

కాగితాలు వెల్లువలా వచ్చాయి. ఏ లోటూ రాకుండా చూసుకున్నందుకు అత్తగారికి అల్లుడు రాసిన ఉత్తరం వచ్చింది. నీటి శాఖ నుంచి వానల లోటు వచ్చింది. 'లోటుపాట్లు' అని వచ్చిన కాగితాల విషయంలో కొంత తర్జనభర్జన జరిగింది. చివరికి లోటును మాత్రం శాఖ ఉంచుకుని, పాట్లను పంపినవాళ్ళకే తిప్పి పంపింది.

ఇదంతా సజావుగా సాగిపోయేదే. మధ్యలో దబ్బనం బాబాయి పదవీ విరమణ వచ్చి పడింది.

పాత రికార్డుల కార్యాలయంలో, మూడో అంతస్తులో, కిటికీ పక్కన ఆయన బల్ల. కాగితాల అంచుకు దబ్బనంతో మూడు కంతలు పొడవడం, మైనం పట్టించిన దారంతో కుట్టడం, ముడి వేసి పంటితో తెంపడం. ముప్పై నాలుగేళ్ళు ఇదే పని. ఆయన కుట్టిన ఫైలు ఊడదు. ఊడదీయడం చేతకాక అధికారులు చాలా వ్యవహారాలను 'పరిష్కారమైనది' అని రాసి మూసేసేవారు. ఆ లెక్కన దేశంలో సగం సమస్యలను పరిష్కరించినవాడు దబ్బనం బాబాయే. ఈ మాట ఆయనతో ఎవరూ అనలేదు.

ఆయన భార్యను ఆఫీసంతా పిన్ని అంటుంది. పిన్నికి వీధి మొదట్లో ఒక గది, అందులో రెండు కుట్టు మిషన్లు. ఒకటి ఆమెది. రెండోది బాబాయి రిటైరయ్యాక కూర్చోవడానికి కొని, ఏడాదిగా గుడ్డ కప్పి ఉంచింది. ఆ మిషనును నమ్ముకుని ఈసారి ఒక బడి వాళ్ళకు మూడు వందల పుస్తకాల సంచులు ఒప్పుకుంది. బడి తెరవడానికి పద్దెనిమిది రోజులుంది. ఒక్క మనిషి కుడితే నూట యాభై అవుతాయి. ఇద్దరు కుడితే మూడు వందలు. సమయానికి ఇస్తే ఏటా ఆర్డరు ఆమెదే. ఇవ్వకపోతే పక్క వీధి దుకాణానిది.

"శుక్రవారం సాయంత్రం ఐదింటికి మీరు రిటైరవుతారు. ఐదున్నరకల్లా మిషను మీద ఉండాలి," అంది పిన్ని.

"ముప్పై నాలుగేళ్ళ సర్వీసే. కనీసం ఒక పూట విశ్రాంతి..."

"ఆ ముప్పై నాలుగేళ్ళూ తీసుకున్నారుగా."

శుక్రవారం వీడ్కోలు సభ పొదుపు నిబంధనల ప్రకారం జరిగింది. మనిషికి ఒక బిస్కెట్టు. చప్పట్లకు అర నిమిషం. జ్ఞాపికగా గోడ గడియారం ఇచ్చారు. ఫోటో తీశాక తీసుకుని మళ్ళీ గోడకే తగిలించారు. ఆ తర్వాత టైపిస్టు సన్మానపత్రం చదివింది. చివరి వాక్యం ఇది: 'మీ విరమణ మా కార్యాలయానికి తీరని లోటు.'

బాబాయి కళ్ళు తడిశాయి. అందరూ అర నిమిషం చప్పట్లు కొట్టారు. సన్మానపత్రం నకలు ఫైల్లోకి వెళ్ళింది. ఫైల్లో 'లోటు' కనిపించింది. కనిపించింది కాబట్టి పంపారు.

శనివారం పదింటికి జవాబు వచ్చేసింది. (లోటు నిర్మూలన శాఖ చురుకుదనం మీద ఎవరికైనా అనుమానాలుంటే ఇక్కడితో తీరిపోవాలి.) 'మీరు పంపిన లోటు ఎంత? ఎప్పటికి తీరును? అంతవరకు సదరు ఉద్యోగిని కార్యాలయం నుండి విడుదల చేయరాదు. వయసు దాటినందున జీతమూ ఇవ్వరాదు.'

బాబాయి సంచి సర్దుకుని గుమ్మం దాకా వచ్చినవాడు మళ్ళీ బల్ల దగ్గరికి వెళ్ళి కూర్చున్నాడు.

సూపరింటెండెంటు టైపిస్టును పిలిచాడు. "ఏమ్మా, తీరని లోటని రాశావా?"

"రాశాను సార్."

"ఎందుకు రాశావు?"

"ఇరవై ఏళ్ళుగా రాస్తున్నాను సార్. పేరు మార్చి కొట్టేస్తాను. పోయినవాళ్ళకీ అదే, రిటైరైనవాళ్ళకీ అదే. ఇంతవరకు ఎవరూ చదవలేదు."

"మరి ఇప్పుడు చదివారుగా. ఎంతని రాయమంటావు?"

"ఏదో ఒక అంకె వేసెయ్యండి సార్."

"తీరనిదానికి అంకె ఏముంటుందమ్మా? అంకె వేస్తే ఎప్పుడో ఒకప్పుడు తీరుతుందిగా."

ఈ చిక్కు మూడో అంతస్తులో ఆగలేదు. దేశం మొత్తం లోటును ఒకే పట్టికలో కూడుతున్న గదిలో ఆ శనివారం అందరూ సంబరంగా ఉన్నారు. వానల లోటును వానాకాలానికి వాయిదా వేశారు. ఆస్పత్రుల లోటును 'అవకాశం' అని పేరు మార్చారు. సున్నాకు చేరడానికి ఒక్క వరసే అడ్డం. ఆ వరసలో అంకె లేదు. 'తీరని' అని ఉంది. కూడికలు చేసే గుమస్తా పెన్సిల్ కింద పెట్టి, ఏ అంకెకు 'తీరని' కలిపినా తీరనిదే వస్తోందని పై అధికారికి విన్నవించుకున్నాడు. బడ్జెట్ ప్రసంగానికి పదిహేడు రోజులుంది.

లోటు అధికారి స్వయంగా విచారణకు వచ్చాడు. సన్నటి మనిషి, మెత్తటి గొంతు. ఆయన పెన్సిల్ గోరంత మిగిలింది. అది ఆయన నాలుగేళ్ళ క్రితం తీసుకున్న పెన్సిల్ అని, ఆయనకు రెండు ప్రమోషన్లు దాని మూలంగానే వచ్చాయని చెప్పుకుంటారు. విచారణ గదిలో దీపం సాక్షి మాట్లాడుతున్నప్పుడే వెలుగుతుంది. ఆలోచించుకోవడానికి ఆగితే ఆపేస్తారు.

"మార్గం ఉంది," అన్నాడు లోటు అధికారి. "ఈయన వెళ్ళిపోతే లోటేమీ లేదని రుజువైతే చాలు. అంటే ఈయన దేనికీ పనికిరాడని ముగ్గురు సాక్ష్యం చెప్పాలి."

మొదటి సాక్షి సూపరింటెండెంటు. దీపం వెలిగింది. "చెప్పాలంటే... ఈయన వల్ల ఆఫీసుకు ఒరిగిందేమీ లేదండి."

"ముప్పై నాలుగేళ్ళుగా?"

"ముప్పై నాలుగేళ్ళుగా."

"అందులో మీరు పదకొండేళ్ళు ఈయన పైన ఉన్నారు. పనికిరాని మనిషిని పదకొండేళ్ళు చూస్తూ ఊరుకున్నారన్నమాట."

సూపరింటెండెంటు ఆగాడు. దీపం ఆరిపోయింది. చీకట్లో ఆయన గొంతు వినిపించింది. "ఈయనంత పనిమంతుణ్ణి నేను చూడలేదండి."

రెండో సాక్షి టైపిస్టు. బాబాయి కుట్లు వదులుగా ఉంటాయని ఆమె చెప్పింది. చెబుతున్నంతసేపూ బాబాయి వైపు చూడలేదు. రుజువు కావాలన్నారు. పాతికేళ్ళ నాటి ఫైలు ఒకటి తెప్పించి, ఇద్దరు కాపలావాళ్ళను చెరో వైపు లాగమన్నారు. లాగారు. ఒకతని చొక్కా చంకలో చిరిగింది. ఫైలు నవ్వుతున్నట్టు అలాగే ఉంది. చిరిగిన చొక్కాను బాబాయే అక్కడికక్కడ కుట్టి ఇచ్చాడు. అది కూడా నమోదైంది, ఆయనకు వ్యతిరేకంగా.

మూడో సాక్షిగా బాబాయి తనంత తానే చెప్పుకోవచ్చన్నారు. కాగితం ముందు పెట్టారు. 'నేను వదులుగా కుట్టేవాడిని' అని ఉంది. కింద సంతకం పెడితే చాలు, ఐదున్నరకు మిషను మీద ఉండొచ్చు.

బాబాయి కలం పట్టుకున్నాడు. దీపం రెండుసార్లు ఆరి వెలిగింది. ఆయన కలం మూత పెట్టేశాడు.

"ఇంకేమైనా రాసుకోండి. పనికి ఆలస్యంగా వచ్చానని రాసుకోండి. బల్ల మీద తల పెట్టుకుని పడుకున్నానని రాసుకోండి, అది నిజమే. వదులుగా కుట్టానని మాత్రం నాతో అనిపించకండి."

ఇంటికి వెళ్ళి ఈ సంగతి చెప్పేసరికి పిన్ని కుడుతున్న సంచి పట్టీ వదిలేసింది. (ఉద్యోగిని రాత్రి ఇంటికి వెళ్ళనిచ్చేవారు. ఆఫీసులో ఉంటే ఫ్యాను వెయ్యాలి.)

"పనికిరానివాడినని ఒక్క సంతకం పెట్టలేకపోయారా? నేను ముప్పై ఏళ్ళుగా అంటూనే ఉన్నాను. ఒక్కనాడైనా కాదన్నారా?"

"నువ్వంటే వేరే. నువ్వు కాగితం మీద పెట్టలేదుగా."

"నాలుగు రోజులు పోయాయి. ముప్పై మూడు సంచులయ్యాయి. పక్క వీధి వాడు వచ్చి గుమ్మంలో నిలబడి నా మిషన్లు చూసి వెళ్ళాడు. ఊరికే చూశాడట."

బాబాయి రెండో మిషను మీది గుడ్డ తీసి, దులిపి, మళ్ళీ కప్పాడు.

"రేపు నేనే వస్తాను," అంది పిన్ని. "ఆ పెన్సిలాయన్ని నేను చూస్తాను."

మర్నాడు ఉదయం ఆమె మెట్లెక్కి వచ్చేసరికి లోటు అధికారి లేచి నిలబడి కుర్చీ చూపించాడు. మర్యాదకు ఖర్చు లేదని ఆయన ఎప్పుడో లెక్క వేసుకున్నాడు.

"కూర్చోండమ్మా. ఎండన పడి వచ్చారు. ఇంట్లో అంతా బాగున్నారా?"

పిన్ని దారి పొడుగునా కూడబెట్టుకున్న మాటలన్నీ నోటి చివర ఉన్నాయి. విచారణ గదిని దులిపి ఆరబెట్టేయాలనే వచ్చింది. కానీ ముక్కూ మొహం తెలియని మనిషి మర్యాదగా అడిగితే సంసారం చేసుకునే ఏ ఆడదైనా ఏమంటుందో ఆమె కూడా అదే అంది. వీపు నిటారుగా పెట్టి, కొంగు సర్దుకుని అంది.

"మాకేం లోటు లేదండి."

గోరంత పెన్సిల్ గాలిలో ఆగిపోయింది.

"ఏమన్నారు?"

"ఏ లోటూ లేదన్నాను. ఆయన మాట చెప్పడానికి వచ్చాను గానీ..."

"అసలే లేదా? కొంచెం కూడా?"

"మా ఇంట్లోనా? ఎవరైనా ఏమైనా అన్నారా?" పిన్ని గొంతు కాస్త పెరిగింది. "ఈనాటి దాకా ఒకరి గడప తొక్కి ఇది లేదు అది లేదు అన్నవాళ్ళం కాదు. ఏ లోటూ లేదు. రాసుకోండి."

ఆయన రాసుకున్నాడు. పన్నెండేళ్ళ సర్వీసులో ఆయన దేశమంతా తిరిగాడు. వంతెనల్లో లోటు, బావుల్లో లోటు, లోటు లేని చోటు చూడలేదు. ఇప్పుడు ఒక మనిషి ఎదురుగా కూర్చుని లోటు పెట్టుకోవడానికి తన ఇల్లు పూర్తిగా ఖాళీగా ఉందని చెబుతోంది.

"అమ్మా," అన్నాడు ఆయన మెల్లగా, "మీ ఇంట్లో లోటు లేదు. మా దగ్గర ఒకటి ఎక్కువైంది."

పది నిమిషాల్లో కాగితం తయారైంది. టైపిస్టే కొట్టింది. 'ఒక తీరని లోటు, మంచి స్థితిలో, పూర్తిగా ముట్టినది.' కింద పిన్ని సంతకానికి చోటు.

పిన్ని రెండుసార్లు చదివింది. "ఇది తీసుకుంటే ఈయన్ని వదిలేస్తారా?"

"ఈ క్షణమే."

"బరువేమైనా ఉంటుందా?"

"కాగితమేనమ్మా."

బాబాయి అడ్డం పడ్డాడు. "ఏమే, ఒకసారి ఆలోచించు. వీళ్ళు ఊరికే ఇచ్చేది ఏదీ నేను చూడలేదు. గడియారం కూడా వెనక్కి తీసుకున్నారు."

"మీరు ఆలోచించే నాలుగు రోజులు పోగొట్టారు," అంది పిన్ని. సంతకం పెట్టింది.

పట్టికలో ఆ వరస సున్నా అయింది. కూడికల గుమస్తా చిన్నగా ఏడ్చాడని అంటారు. ఐదున్నరకు బాబాయి మిషను మీద ఉన్నాడు.

మర్నాడు ఉదయం ఎనిమిదింటికి పిన్ని గది ముందు ఒక ఆటో ఆగింది. అందులో పదకొండు మూటల ఫైళ్ళు. కుట్టనివి.

"ఇవేంటి?" అంది పిన్ని.

"కుట్టాల్సినవమ్మా," అన్నాడు తెచ్చినతను. "ఆఫీసులో కుట్టే మనిషి లేడుగా. ఆ మనిషి లేని లోటు మీ దగ్గరుందట. లోటు ఎక్కడుంటే పని అక్కడికే వెళ్ళాలని కొత్త ఉత్తర్వు. రసీదు మీ సంతకమేనటగా."

పిన్ని బాబాయి వైపు చూసింది. బాబాయి కిటికీ వైపు చూశాడు. ఈ గదిలో కిటికీ లేదు.

"బరువుండదన్నాడు," అంది పిన్ని.

"కాగితమేనని కూడా అన్నాడు," అన్నాడు బాబాయి. "అబద్ధమేం చెప్పలేదు."

మిగిలిన పదమూడు రోజులూ ఆ గదిలో రెండు మిషన్లు రాత్రీ పగలూ ఆగలేదు. పిన్ని సంచులు, బాబాయి పొద్దున ఫైళ్ళు, మధ్యాహ్నం సంచులు. బాబాయి వంద సంచులు కుట్టాక మిషను మీద ఆయన చెయ్యి ఎంత సాగిందంటే, ఏది ఫైలో ఏది సంచో చెయ్యే చూసుకునేది, కళ్ళు చూడటం మానేశాయి. ఒక ఫైలు రెండు పట్టీలు, ఒక జేబుతో ఆఫీసుకు చేరింది. భుజానికి తగిలించుకోవడానికి వీలుగా ఉందని సూపరింటెండెంటు మెచ్చుకుంటూ చీటీ పంపాడు. వంతెన మరమ్మతుల ఫైలు ఒకటి ఏదో సంచి అడుగున కుట్టుకుపోయింది. అది ఇవాళ్టికీ ఏ పిల్లవాడి వీపు మీదో రోజూ బడికి వెళ్ళివస్తోంది. ఆఫీసు దాన్ని అడగలేదు. బళ్ళు తెరవడానికి ఒక రోజు ముందు మూడు వందల సంచులూ చేరాయి. పక్క వీధి వాడు వచ్చి ఒక పట్టీ పట్టుకుని లాగి చూశాడు. ఊరికే చూశానన్నాడు. అది ఊడలేదు. బాబాయి ఆ పూట రెండు కప్పుల టీ తాగాడు.

కథ ఇక్కడితో ముగిస్తే అందరికీ బాగుండేది. కానీ ప్రభుత్వానికి ఒక మందు పని చేసిందని తెలిస్తే మోతాదు చూసుకునే అలవాటు లేదు. బడ్జెట్ ప్రసంగం పది రోజులు వాయిదా వేసి, లోటు అధికారికి మూడో ప్రమోషన్ ఇచ్చి, ఇంటింటి లోటు సర్వే ప్రకటించారు. సర్వేలో ఒకే ప్రశ్న. మీకేమైనా లోటుందా? లేదన్న ఇంటికి దగ్గర్లో ఉన్న ప్రభుత్వ లోటు ఒకటి చూసి అప్పగిస్తారు.

విషయం తెలిసి పిన్ని వీధంతా తిరిగింది. "ఎవరొచ్చి ఎంత తియ్యగా అడిగినా లేదని మాత్రం అనకండి. ఉందనండి. కప్పు కారుతోందనండి, పంపులో నీళ్ళు రావడం లేదనండి. నిజమేగా."

"నిజమే గానీ పిన్నీ," అన్నాడు ఇస్త్రీ దుకాణం అతను, "పై మనిషి ముందు అంత బయటపడి చెప్పుకుంటామా? ఇస్త్రీ బట్టలు కట్టుకుని నిలబడి లోటని ఏడిస్తే పరువేం కావాలి?"

"పరువుకు పోతే ఆటో వస్తుంది బాబూ. నేను చూశాను."

సర్వే వాళ్ళు బుధవారం వచ్చారు. ఇస్త్రీ అతను చేతులు కట్టుకుని, "మీ దయ, మాకేం లోటు లేదు సార్," అన్నాడు. అతనికి దుకాణం ముందున్న రోడ్డు గుంత ఇచ్చి, రసీదు తీసుకున్నారు. పక్కింటి రిటైరైన పంతులమ్మ, "పిల్లలంతా స్థిరపడ్డారు, ఏ లోటూ లేదు," అంది. ఆమెకు రెండు తరగతులకు లెక్కల టీచరు లేని లోటు వెళ్ళింది. మేస్త్రీ గారింట్లో మనవడి పుట్టినరోజు. అడక్కముందే ఆయన, "ఏ లోటూ రాకుండా చేస్తున్నామండీ, మీరూ లోపలికి రండి," అన్నాడు. ఆస్పత్రిలో ఒక వార్డు నర్సు లేని లోటును కేకు పక్కనే పెట్టి వచ్చారు.

లోటు అధికారి చివరగా పిన్ని గది ముందు ఆగాడు. పిన్ని సిద్ధంగా ఉంది. రెండు రోజులుగా బాబాయి ముందు నిలబడి వల్లె వేసింది. 'మా ఇంట్లో లోటు కానిది ఏదీ లేదు బాబూ.' ఒకటికి నాలుగుసార్లు అనిపించుకుని బాబాయి బాగుందన్నాడు.

లోటు అధికారి గుమ్మంలో నిలబడి, గదిలో కుప్పలు పడిన ఫైళ్ళను, ఒకే ఒక్క కుర్చీని, పిన్ని వేలికి చుట్టుకున్న గుడ్డ పీలికను చూశాడు. ఆయన నిజంగానే మంచివాడు. మొహం జాలిగా అయిపోయింది.

"అయ్యో," అన్నాడు. "చాలా ఇబ్బందుల్లో ఉన్నట్టున్నారమ్మా."

బాబాయి దబ్బనం కింద పెట్టాడు. ఆపాలనే అనుకున్నాడు. అప్పటికే పిన్ని వీపు నిటారుగా అయిపోయింది.

"ఇబ్బందా? మాకా?" అంది. "ఎవరు చెప్పారు మీకు?"

వాళ్ళకు వీధి దీపం లేని లోటు వచ్చింది.

బడ్జెట్ ప్రసంగం రోజున ఆర్థికమంత్రి ఒకే వాక్యం చదివి కూర్చున్నారు. చప్పట్లు నిబంధనలు మించి నాలుగు నిమిషాలు సాగాయి. ఇప్పుడు ప్రభుత్వానికి ఏ లోటూ లేదు. ఉన్నదంతా ప్రజలదే.